ఒక్క గోల్ తక్కువ: హ్యూగో సాంచెజ్ విషయమై మెక్సికో ఫుట్‌బాల్ సమాఖ్యకు బహిరంగ లేఖ

మెక్సికో ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులకు, కార్యవర్గానికి, లీగా ఎమ్‌ఎక్స్ క్లబ్బుల యజమానులకు

నమస్కారం.

తెలుగులో వచ్చిన ఈ ఉత్తరాన్ని చదివి చెప్పేవాళ్లు మీ ఆఫీసులో దొరక్కపోవచ్చు. అయినా రాస్తున్నాను. మీ జట్టు ఏటా మెక్స్‌టూర్ పేరుతో అమెరికాలో ఆడే ఫ్రెండ్లీ మ్యాచ్‌లకు డాలర్లు పోసి టికెట్లు కొనేవాళ్లలో నేనూ ఒకణ్ణి. డాలస్ చుట్టుపక్కల తెలుగువాళ్లు చాలామందే ఉన్నారు, మెక్సికో మూలాలున్నవాళ్లు అంతకు ఎన్నో రెట్లు ఉన్నారు. ఆఫీసులో పక్క సీటు వాళ్లది, పిల్లల స్కూల్లో పక్క బెంచీ వాళ్లది. స్నేహం కుదిరాక ఆకుపచ్చ జెర్సీ ఇంట్లోకి రావడానికి ఎంతో కాలం పట్టదు. టికెట్ డబ్బులు తీసుకునేటప్పుడు మీరు నా భాష ఏమిటని అడగలేదు. ఫిర్యాదు కూడా అలాగే తీసుకోండి.

విషయం హ్యూగో సాంచెజ్, మీ పాత స్ట్రైకర్, ఒకప్పటి మీ జాతీయ జట్టు కోచ్. ‘మళ్లీ ఆయనేనా’ అని మీరు విసుక్కుంటారని తెలుసు. 2012 చివర్లో పచూకా క్లబ్ నుంచి బయటికొచ్చాక అతను ఏ జట్టుకూ కోచ్‌గా లేడు. టీవీ స్టూడియోలో కూర్చుని మీ జట్టు ఆటను విడమర్చి చెబుతున్నాడు, కుదిరినప్పుడు మిమ్మల్ని ఉతికి ఆరేస్తున్నాడు. అతన్ని తీసుకొచ్చి జాతీయ జట్టు పగ్గాలు మళ్లీ చేతిలో పెట్టమని నేను అడగడం లేదు. నేను అడిగేది చాలా చిన్న పని. అది చెప్పే ముందు కాస్త పాత లెక్కలు తీయాలి.

ఇది చదివే తెలుగువాళ్లకు మెస్సీ, రొనాల్డో తెలిసినంతగా హ్యూగో తెలియకపోవచ్చు. అందుకని మీకు తెలిసిన కథే అయినా ఓపిక పట్టండి.

హ్యూగో 1958 జులై 11న మెక్సికో సిటీలో పుట్టాడు. తండ్రి కూడా ఫుట్‌బాలరే. సోదరి ఎర్లిండా జిమ్నాస్ట్. 1976 మాంట్రియల్ ఒలింపిక్స్‌కు ఇద్దరూ కలిసే వెళ్లారు, ఆమె జిమ్నాస్టిక్స్‌కు, ఇతను ఫుట్‌బాల్‌కు. గోల్ కొట్టిన ప్రతిసారీ గాల్లో వేసే పల్టీ ఆమె దగ్గర నేర్చుకున్నదే. నేషనల్ అటానమస్ యూనివర్సిటీ జట్టు పూమాస్‌లో ఆడుతూనే అదే యూనివర్సిటీలో డెంటిస్ట్రీ చదివి పట్టా పుచ్చుకున్నాడు. (‘ముందు చదువు సంగతి చూడు, ఆటలు తర్వాత’ అనే మన ఇళ్లలో ఈ ముక్క ఎవరి వాదనకు పనికొస్తుందో వాళ్లు వాడుకోవచ్చు.) పూమాస్‌తో 1976-77లో, 1980-81లో లీగ్ గెలిచాడు. మధ్యలో 1978-79లో 26 గోల్స్‌తో మెక్సికో లీగ్ టాప్ స్కోరర్ అయ్యాడు.

1981లో స్పెయిన్ వెళ్లి అత్లెటికో మాడ్రిడ్‌లో చేరాడు. అక్కడి స్టేడియాల్లో ‘ఇండియో, ఇండియో’ అని అరిచేవాళ్లు. మెక్సికో మూలవాసులను తక్కువ చేసి పిలిచే తిట్టు అది. 1984-85లో 19 గోల్స్‌తో లీగ్ టాప్ స్కోరర్ అయి, స్పెయిన్ క్లబ్బుల కప్ పోటీ కోపా దెల్ రే ఫైనల్లో బిల్బావో జట్టు మీద రెండు గోల్స్ కొట్టి కప్పు తెచ్చాడు. ఆ వెంటనే రియల్ మాడ్రిడ్ ఎగరేసుకుపోయింది. అక్కడ వరసగా ఐదేళ్లు ఐదు లీగ్ టైటిళ్లు. ఆ ఐదేళ్లలో నాలుగుసార్లు అతనే టాప్ స్కోరర్: 22, 34, 29, చివరగా 1989-90లో 38. ఆ 38తో 1950-51 నాటి జారా రికార్డును సమం చేశాడు. దాన్ని దాటడానికి 2010-11లో క్రిస్టియానో రొనాల్డో రావాల్సి వచ్చింది. మొత్తం స్పెయిన్ లీగ్‌లో 347 మ్యాచ్‌లు, 234 గోల్స్.

అంకెలు ఎవరైనా చూసుకోవచ్చు. నాకు ముఖ్యమైంది ఆ 38 ఎలా వచ్చాయన్నది. ముప్పై ఎనిమిదీ ఒక్క టచ్‌తో కొట్టినవే. బంతిని ఆపడం, సర్దుకోవడం, డిఫెండర్‌ను తప్పించడం, తల ఎత్తి చూడడం, ఇవేవీ లేవు. బంతి వచ్చింది, తగిలింది, వలలో పడింది. వాటిలో పెనాల్టీలు కూడా ఉన్నాయి, అవి ఎలాగూ ఒక్క టచ్చే కదా అని గొణిగేవాళ్లు ఉంటారు. నిజమే. కానీ మిగతావి చూడండి. బంతి కాలికి చేరకముందే సగం పని అయిపోయి ఉంటుంది. క్రాస్ ఎక్కడ పడుతుందో డిఫెండర్ కంటే అర సెకను ముందు పసిగట్టడం, ముందు రెండడుగులు తప్పు దిక్కుకు వేసి తర్వాత సరైన చోటికి జారుకోవడం, నడుము ఏ వైపు తిప్పి ఉంచితే కాలు నేరుగా బంతి మీదికి వస్తుందో తెలిసి ఉండడం. ఇదంతా పుట్టుకతో వచ్చిన వరమని చేతులు దులుపుకుంటే కుదరదు. ఇది నేర్చుకున్న పని. నేర్చుకున్న పనిని నేర్పడం కూడా కుదురుతుంది.

1988 ఏప్రిల్ 10న లోగ్రోన్యో జట్టు మీద కొట్టిన గోల్ చూడని మెక్సికన్ ఉండడు. ఆర్లింగ్టన్ స్టేడియం పార్కింగ్ లాట్‌లో మాంసం కాలుస్తున్న ఒక పెద్దాయన దాన్ని నాకు పేపర్ ప్లేటు మీద వివరించాడు. అక్కడ సాస్ చుక్క పెట్టి ‘ఇది మార్తిన్ వాస్కెజ్’ అన్నాడు. ఎడమ వైపు నుంచి క్రాస్. ఇంకో చుక్క పెట్టి ‘ఇది హ్యూగో, గోల్ వైపు వీపు’ అన్నాడు. తర్వాత పొయ్యి మీది పటకారు పక్కన పెట్టి, రెండు చేతులూ చాచి, ఒంటికాలి మీద వెనక్కి వాలబోయాడు. ఆయన భార్య ‘పడతావు’ అని అరిచింది. ఆ గోల్ వీడియోలో చూస్తే హ్యూగో దాదాపు అడ్డంగా గాల్లో తేలుతూ ఉంటాడు, కాలు తల కంటే పైన ఉంటుంది, బంతి దూరపు మూలలో పైనుంచి దిగుతుంది. రియల్ మాడ్రిడ్ స్టేడియం బెర్నబేవు మొత్తం మెచ్చి తెల్ల రుమాళ్లు ఊపింది. ఆ పెద్దాయన ప్లేటు కిందపెట్టి అడిగింది మాత్రం గోల్ గురించి కాదు. ‘ఇటలీలో ఏమైందో నీకు తెలుసా?’ అన్నాడు.

నాకు తెలుసు. మీకు ఇంకా బాగా తెలుసు.

1988లో గ్వాటెమాలాలో జరిగిన అండర్-20 అర్హత పోటీల్లో మీ సమాఖ్య వయసు మీరిన నలుగురు ఆటగాళ్లను పుట్టినతేదీలు మార్చి ఆడించింది. కాచిరూలెస్ కుంభకోణం అంటారు దాన్ని. బయటపెట్టింది శత్రువులు కాదు, మీ దేశపు విలేకరులే. ముందు శిక్ష కుర్రాళ్ల జట్టుకే పరిమితమైంది. మీ అప్పటి అధ్యక్షుడు రఫాయెల్ దెల్ కాస్తియో ఊరుకోక ఫిఫా దాకా వెళ్తే, ఫిఫా ఆ శిక్షను అన్ని జట్లకూ చుట్టేసింది. రెండేళ్లు మెక్సికో ఎక్కడా ఆడకూడదు. సియోల్ ఒలింపిక్స్ పోయింది. 1990 ఇటలీ ప్రపంచకప్ పోయింది. ఉత్తర, మధ్య అమెరికా నుంచి కోస్టారికా, అమెరికా వెళ్లాయి. దెల్ కాస్తియోపై జీవితకాల నిషేధం పడింది, అక్కడితో ఫైలు మూసేశారు.

ఆ ప్రపంచకప్ జరిగిన వేసవికి హ్యూగో వయసు 31. చేతిలో 38 గోల్స్, బల్గేరియా ఆటగాడు స్టోయిచ్‌కోవ్‌తో పంచుకున్న యూరోపియన్ గోల్డెన్ షూ. ఒక స్ట్రైకర్ జీవితంలో అలాంటి సీజన్ రావడమే అరుదు, వచ్చినా ప్రపంచకప్ ఏడాదిలో రావడం మరీ అరుదు. వచ్చింది. అతను టీవీలో చూశాడు.

‘ప్రపంచకప్‌లో హ్యూగో ఏం పొడిచాడు, ఒకే ఒక్క గోల్ కదా’ అనే మాట మీ స్టూడియోల్లో ఇప్పటికీ నడుస్తుంది. మూడు ప్రపంచకప్‌లు, ఎనిమిది మ్యాచ్‌లు, 1986లో బెల్జియం మీద ఒక్క గోల్. నిజమే. ఆ ఏడాదే అజ్టెకా స్టేడియంలో పరాగ్వే మీద చివర్లో వచ్చిన పెనాల్టీని గోల్‌కీపర్ ఆపేశాడు. అదీ నిజమే, అది అతని తప్పే. కానీ లెక్క చెప్పేటప్పుడు 1990 గడిని ఖాళీగా వదిలేసి, ఆ ఖాళీ ఎవరి వల్ల వచ్చిందో చెప్పకపోవడం అన్యాయం.

1994 సంగతి మీ మీద పూర్తిగా వెయ్యను. కోచ్ మిగెల్ మెహియా బరోన్ నిర్ణయం అది. (ఆయనా పూమాస్ మనిషే, ఆయనా పళ్ల డాక్టరే. ఆ యూనివర్సిటీలో ఫుట్‌బాల్‌కూ పళ్లకూ ఏం సంబంధమో నాకు అర్థం కాదు.) అప్పటికి హ్యూగోకు ముప్పై అయిదు దాటాయి, కానీ ఆ సీజన్లోనే రాయో వయ్యేకానో తరఫున స్పెయిన్ లీగ్‌లో 16 గోల్స్ కొట్టి వచ్చాడు. నార్వేతో తొలి మ్యాచ్ తర్వాత మళ్లీ దించలేదు. జులై 5న న్యూజెర్సీలో బల్గేరియాతో మ్యాచ్ 1-1 దగ్గర ఆగిపోయి ఎక్స్‌ట్రా టైమ్‌కు పోయింది. మెక్సికోలో ఒకరికి రెడ్ కార్డు పడింది, మధ్యలో గోల్ పోస్టు విరిగితే కొత్తది తెచ్చి పెట్టారు. పోస్టు మార్చారు గానీ స్ట్రైకర్‌ను మార్చలేదు. అవతల స్టోయిచ్‌కోవ్ గోల్ కొట్టాడు, ఇవతల అతనితో గోల్డెన్ షూ పంచుకున్నవాడు బెంచ్ మీదే ఉన్నాడు. పెనాల్టీల్లో ఓడిపోయారు.

ఇక కోచ్ హ్యూగో. దీని దగ్గరే మీకూ నాకూ అసలు పేచీ.

2004లో పూమాస్‌ను రెండు టోర్నీల్లోనూ వరసగా చాంపియన్ చేశాడు. మొదటి ఫైనల్లో గ్వాదలహారాను పెనాల్టీల మీద, రెండో ఫైనల్లో మోంతెర్రేను ఓడించారు. ఏడాదికి రెండు చిన్న టోర్నీల పద్ధతి 1996లో వచ్చాక ఆ రెండూ వరసగా గెలిచిన తొలి జట్టు అదే. ఆ రెండు టైటిళ్ల మధ్య, ఆగస్టు 31న, అదే పూమాస్‌ను బెర్నబేవుకు తీసుకెళ్లి రియల్ మాడ్రిడ్‌ను వాళ్ల సొంత ట్రోఫీ మ్యాచ్‌లోనే 1-0తో ఓడించాడు. ఫ్రెండ్లీయే కదా అంటారా, అనండి. ఆ జట్టులో ఆడిన హైమే లోసానో తర్వాత మీ జాతీయ జట్టుకే కోచ్ అయ్యాడు.

2006 చివర్లో హ్యూగోను జాతీయ జట్టు కోచ్‌ను చేశారు. 2007 జూన్ 24న షికాగోలో ఉత్తర, మధ్య అమెరికా జట్ల గోల్డ్ కప్ ఫైనల్, అమెరికా చేతిలో 2-1తో ఓటమి. మూడు రోజులకే, 27న, వెనిజులాలో దక్షిణ అమెరికా జట్ల పోటీ కోపా అమెరికా తొలి మ్యాచ్, ప్రత్యర్థి బ్రెజిల్. ఇలాంటి షెడ్యూల్ ఒప్పుకున్నది కోచ్ కాదు. ఆ బ్రెజిల్‌ను 2-0తో కొట్టారు. క్వార్టర్స్‌లో పరాగ్వే మీద ఆరు గోల్స్ కొట్టారు. సెమీస్‌లో అర్జెంటీనా చేతిలో ఓడి, ఉరుగ్వేను 3-1తో గెలిచి మూడో స్థానంతో ఇంటికొచ్చారు. అదేమంత చెడ్డ వేసవి?

తర్వాత 2008 మార్చి. బీజింగ్ ఒలింపిక్స్ అర్హత పోటీలు, కాలిఫోర్నియాలోని కార్సన్‌లో. అండర్-23 జట్టు బాధ్యత కూడా అతనిదే. కెనడాతో 1-1, గ్వాటెమాలా చేతిలో 2-1తో ఓటమి. ముందుకెళ్లాలంటే హైతీని ఐదు గోల్స్ తేడాతో గెలవాలి. 5-1తో గెలిచారు. ఒక్క గోల్ తక్కువ. ఆ మ్యాచ్ చూసినవాళ్లకు గుర్తుండే ఉంటుంది, ఖాళీ గోల్ ముందు కూడా కుర్రాళ్లు బంతిని బయటికి తన్నారు. ఒక్క టచ్‌తో 38 గోల్స్ కొట్టినవాడు లైన్ పక్కన నిలబడి అది చూడాల్సి వచ్చింది. మార్చి 31న పీకేశారు.

హ్యూగోను వెనకేసుకొస్తున్నానని అనుకోకండి. ఓటమికి బాధ్యత అతనిదే. పైగా నోటి దురుసు కూడా అతనిదే. రికార్డో లా వోల్పే జాతీయ కోచ్‌గా ఉన్నన్నాళ్లూ హ్యూగో టీవీల్లో, పేపర్లలో అతన్ని తూర్పారబట్టాడు. తన వంతు వచ్చినప్పుడు జనం అదే గజంతో కొలిచారు, కొలవకుండా ఉంటారా? రియల్ మాడ్రిడ్‌కు కోచ్ కావాలని ఉందని ఏళ్ల తరబడి చెప్పుకున్నాడు. తర్వాత దొరికింది స్పెయిన్‌లోనే చిన్న క్లబ్ అల్మేరియా. దాన్ని 2008-09లో కింది డివిజన్‌కు జారకుండా కాపాడి పదకొండో స్థానంలో నిలబెట్టాడు, మరుసటి డిసెంబర్‌లో ఉద్యోగం పోయింది. పచూకాలో అదీ లేదు. గొప్ప కోచ్ అని నేను అనను. పూమాస్‌లో చాలా మంచి కోచ్, మిగతాచోట్ల మామూలు కోచ్.

నా ఫిర్యాదు మీ కొలతల మీద. పుట్టినతేదీలు దిద్ది ఒక తరం ఆటగాళ్ల ప్రపంచకప్ పోగొట్టిన ఆఫీసు కొందరిని పక్కనపెట్టి మామూలుగా నడిచిపోయింది. ఒక్క గోల్ తక్కువైన కోచ్‌ను మాత్రం దాదాపు రెండు వారాల్లోనే సాగనంపింది. ఆ అలవాటు అక్కడితో ఆగలేదు. 2013లో సెప్టెంబర్ మొదట్లో జాతీయ కోచ్ చెపో దె లా తోర్రెను తీశారు. తేనా ఒక్క మ్యాచ్, వుసెతిచ్ రెండు మ్యాచ్‌లు, చివరికి మిగెల్ ఎర్రేరా. ప్రపంచకప్ అర్హత గండం గట్టెక్కించింది ఎవరు? పనామా మీద గాల్లోకి లేచి బైసికిల్ కిక్ కొట్టిన రావుల్ హిమెనెజ్. స్ట్రైకర్ ఒక్కడు తన పని తెలిసి చేస్తే నలుగురు కోచ్‌లు మారిన జట్టు కూడా బతికి బట్టకట్టింది.

ఇప్పుడు ఈమధ్య సంగతులు చూడండి. 2022 ఖతర్ ప్రపంచకప్‌లో తొలి రెండు మ్యాచ్‌ల్లో ఒక్క గోలూ లేదు. మూడో మ్యాచ్‌లో సౌదీ అరేబియా మీద 2-0తో ముందున్నప్పుడు ఇంకో గోల్ పడితే ముందుకెళ్లేవాళ్లు. పడలేదు. పైగా చివర్లో ఒకటి ఇచ్చారు. 1994 నుంచి ప్రతి ప్రపంచకప్‌లో గ్రూప్ దాటుతూ వచ్చిన జట్టు అక్కడ ఆగిపోయింది. 2024 కోపా అమెరికాలో మూడు మ్యాచ్‌లకూ కలిపి ఒక్క గోల్. వెనిజులా మీద పెనాల్టీ పోయింది, ఈక్వడార్‌తో 0-0, మళ్లీ ఒక్క గోల్ తక్కువై ఇంటికి. లోసానో ఉద్యోగం పోయింది. కోచ్ మారితే జబ్బు నయమవుతుందని మీరు ఎన్నిసార్లు నమ్ముతారు?

క్లబ్ యజమానులకు ఒక మాట. మీ లీగ్‌లో టాప్ స్కోరర్ల పట్టిక తీస్తే విదేశీ పేర్లే ఎక్కువ. విదేశీయులు రావడం తప్పు కాదు. హ్యూగో స్పెయిన్‌లో విదేశీయుడే కదా. కానీ 2020లో కింది డివిజన్‌కు పడే భయం కూడా తీసేసుకున్నారు. ఓడినా పడిపోయేది లేనప్పుడు సొంత కుర్రాడికి స్ట్రైకర్ వేసుకునే తొమ్మిదో నంబర్ జెర్సీ ఇచ్చి పది మ్యాచ్‌లు ఓపిక పట్టడానికి అడ్డం ఏమిటి? అండర్-17లో గోల్స్ మీద గోల్స్ కొట్టిన పిల్లలు సీనియర్ జట్టు చేరేసరికి వింగ్‌లోకో బెంచ్ మీదికో పోతున్నారు. పెనాల్టీ బాక్స్‌లో పని నేర్చుకునే వయసంతా అక్కడే అయిపోతోంది.

అందుకే నేను అడిగే చిన్న పని ఇది. మెక్సికో సిటీలో మీకు హై పెర్ఫార్మెన్స్ సెంటర్ ఉంది. అండర్-17, అండర్-20 జట్ల స్ట్రైకర్లను హ్యూగో చేతికి ఇవ్వండి. జట్టు ఎంపిక వద్దు, వ్యూహం వద్దు, ఫలితాల బాధ్యత వద్దు. క్రాస్‌లు వేసేవాళ్లు నలుగురు, గోల్‌కీపర్ ఒకడు, స్ట్రైకర్లు, హ్యూగో. బంతి రాకముందు ఎక్కడుండాలో నేర్పడమే పని. గోల్‌కీపర్లకు ప్రత్యేక కోచ్ ఉండాలని ప్రపంచంలో ప్రతి జట్టూ ఒప్పుకుంటుంది. గోల్ ఆపడానికి గురువు కావాలంటే కొట్టడానికి అక్కర్లేదా? అతని నోటి గురించి భయమైతే విలేకరుల సమావేశాలు ఉండవని కాంట్రాక్టులో రాయించుకోండి. అతను ఆ షరతు దగ్గరే పేచీ పెడతాడని నా అనుమానం, అది మీరూ అతనూ తేల్చుకోండి.

దానితోపాటు ఇంకొకటి. 1988లో ఆ తేదీలు ఎవరెవరికి తెలిసి మారాయో, ఎవరు సంతకాలు పెట్టారో, మీ దగ్గరున్న కాగితాలు బయటపెట్టండి. అప్పటి జాతీయ జట్టు ఆటగాళ్లను పిలిచి, ఇటలీకి వెళ్లకపోవడం వాళ్ల తప్పు కాదని సమాఖ్య తరఫున ఒక్కసారి చెప్పండి. ఆ ఆర్లింగ్టన్ పెద్దాయనలాంటి వాళ్లు ఆ మాట వినాలని ఇన్నేళ్లుగా ఎదురుచూస్తున్నారు.

2026 ప్రపంచకప్ తర్వాత కోచ్ అగీరే స్థానంలో రఫాయెల్ మార్కెజ్ వస్తాడని మీరే ప్రకటించారు. మార్కెజ్ డిఫెండర్. గోల్ కొట్టనివ్వకపోవడం ఎలాగో అతనికి ఎవరూ చెప్పక్కర్లేదు. అతని సహాయ సిబ్బంది జాబితా తయారుచేసేటప్పుడు, స్ట్రైకర్ల కోచ్ అని ఒక గడి గీసి, ఫోన్ చేయండి. ఆ నంబర్ మీ దగ్గర ఉండే ఉంటుంది.

ఇట్లు,
డాలస్ దగ్గర ఇర్వింగ్‌లో ఉంటున్న ఒక తెలుగు అభిమాని